‘పెళ్ళయిందా?’ అని డాక్టరు అడిగితే ఏం చెప్పాలి

ప్రశ్న: మేడం గారండి, నాకు 27 ఏళ్ళు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. భీమవరం దగ్గర రొయ్యల కంపెనీలో చేసేటప్పుడు నాకంటే నాలుగేళ్ళు పెద్దావిడతో పరిచయమైంది. ఇద్దరం కలిసి బతకాలనుకున్నాం. ఇంట్లో తెలిసి అన్నయ్య కొట్టాడు, ఫోను పగలగొట్టాడు, ఎవరికో ఒకరికి ఇచ్చి పెళ్ళి చేసేస్తామన్నారు. ఇద్దరం రాజమండ్రి వచ్చేసి గది తీసుకున్నాం. మావాళ్ళు అక్కడికీ వచ్చి వీధిలో నిలబడి అల్లరి చేసేసరికి ఇంటిగలవాళ్ళు ఖాళీ చేయించేశారు. అప్పటినుంచి రైల్వే స్టేషన్లో, ఆర్టీసీ కాంప్లెక్సులో, ఒక్కోసారి గోదావరి గట్టున పడుకుంటున్నామండి. పగలు ఆమె హోటల్లో గిన్నెలు తోముతుంది, నేను దొరికిన పనికి వెళ్తాను. ఆమెకు తెల్లబట్ట బాగా అవుతోంది, వాసన, దురద. ఇప్పుడు నాకూ మొదలైంది. నాకు మూత్రంలో మంట కూడా. ఇద్దరికీ ఒళ్ళంతా దురదలు, రాత్రయితే మరీ. ఆమె నిద్ర పట్టక మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని రోజూ వేసుకుంటోంది. ఆస్పత్రికి వెళ్తే పెళ్ళయిందా, మీ ఆయన ఏడీ అంటారని భయం. ఆడవాళ్ళిద్దరి మధ్య రోగాలు అంటుకుంటాయా? మేం ఇలా ఉండడం వల్లే ఇదంతా వచ్చిందా? షెల్టరుకి వెళ్తే ఇంటికి ఫోన్ చేసేస్తారా, మమ్మల్ని విడదీస్తారా? ఏం చెయ్యమంటారండి?

జవాబు: మీరిద్దరూ ఒకరినొకరు ఇష్టపడడం వల్ల ఇవేవీ రాలేదమ్మా. తలుపు, గడియ, బాత్రూమ్ లేని చోట పడుకోవడం వల్ల వచ్చాయి. పెళ్ళయి పిల్లలున్న ఆవిడ అదే ప్లాట్‌ఫారం మీద అన్నాళ్ళు పడుకున్నా ఇవే వస్తాయి. ఆడవాళ్ళు ఆడవాళ్ళను ఇష్టపడడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన రోగాల జాబితాలోంచి దాన్ని తీసేసింది. వైద్యం చేసి మనసు మార్చేస్తామనే డాక్టర్లది వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. కాబట్టి మీ అన్నయ్య రేపెప్పుడైనా మిమ్మల్ని అలాంటి చోటికి తీసుకెళ్తానంటే వెళ్ళనక్కర్లేదు.

అలాగని మీ ఇష్టానికీ మీ ఆరోగ్యానికీ సంబంధమే లేదని అనలేను. ఉంది, వేరే దారిలో ఉంది. ఇల్లు పోయింది దానివల్ల, గది పోయింది దానివల్ల, ఇప్పుడు ఆస్పత్రి మెట్లెక్కడానికి భయపడుతున్నదీ దానివల్లే. 2012లో అమెరికాలో ఇళ్ళు లేని కుర్రకారుకు సాయం చేసే సంస్థల దగ్గర ఒక సర్వే చేశారు. తమ దగ్గరకు వచ్చేవాళ్ళలో నూటికి సుమారు 40 మంది మీలాంటివాళ్ళో, ట్రాన్స్‌జెండర్లో అని ఆ సంస్థలు చెప్పాయి. వాళ్ళు రోడ్డున పడడానికి అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన కారణం ఇంట్లోవాళ్ళు కాదనడం. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల పైచిలుకు. వాళ్ళలో మీలాంటివాళ్ళు ఎంతమందో తెలియదు, ఆ ఫారంలో ఆ ప్రశ్నే లేదు. అడగలేదు కాబట్టి లేరనుకుంటారు. గూడు లేని మనిషికి ఆకలి తప్ప మనసుండదని మనవాళ్ళకో నమ్మకం. షెల్టరు నడిపేవాళ్ళూ, ఆస్పత్రిలో నర్సులూ కూడా ఇందుకు మినహాయింపేం కాదు.

తెల్లబట్ట సంగతి చూద్దాం. కొంచెం తెల్లబట్ట అందరికీ ఉంటుంది, అది జబ్బు కాదు. పెరుగు విరిగినట్టు గడ్డగడ్డలుగా, విపరీతమైన దురదతో వస్తే అది ఈస్టు అనే ఫంగస్. తడి లోదుస్తులు ఆరకుండానే కట్టుకుంటే, చెమటలో పనిచేస్తే, షుగరుంటే ఎక్కువవుతుంది. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసన వేస్తే అది బ్యాక్టీరియా తేడా చేయడం వల్ల వచ్చేది. పసుపు పచ్చగా నురగతో వస్తే ట్రైకోమోనాస్ అనే క్రిమి అయ్యే అవకాశం ఎక్కువ. మీ ఉత్తరాన్ని బట్టి ఇది ఫలానా అని నేను చెప్పలేను, చూసి పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. ఆడవాళ్ళిద్దరి మధ్య అంటుకుంటాయా అంటే, కొన్ని అంటుకుంటాయి. ట్రైకోమోనాస్ అంటుకుంటుంది. చేపల వాసన వచ్చే రకం ఇద్దరికీ కలిసి ఉండడం తరచుగా చూస్తాం. హెర్పిస్, సిఫిలిస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ చర్మానికి చర్మం తగిలినా రావచ్చు. హెచ్ఐవీ ఆడవాళ్ళ మధ్య వ్యాపించడం చాలా అరుదు. కానీ గతంలో మగవాళ్ళతో సంబంధం ఉన్నా, ఎవరైనా బలవంతం చేసినా పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాస్పత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్షా సలహా కేంద్రంలో అది ఉచితం, ఫలితం బయటికి పొక్కనివ్వరు.

జబ్బు ఇద్దరికీ ఉంది కాబట్టి ఇద్దరూ ఒకే రోజు వెళ్ళండి. ఒకరు మందు వేసుకుని, రెండోవారు ఊరుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దాస్పత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఒక గది ఉంటుంది, సుఖవ్యాధులూ తెల్లబట్టా అక్కడే చూస్తారు. తెల్లబట్టకు అక్కడ పచ్చ రంగు పెట్టెలో మాత్రల కిట్టు ఉచితంగా ఇస్తారు. రంగును బట్టి జబ్బు గుర్తుపట్టేలా కిట్లు పెట్టారు, అందుకే ఎవరికి ఏ పెట్టె ఇచ్చారో చూసి పక్కవాళ్ళు గుసగుసలాడతారు. పట్టించుకోకుండా సంచిలో వేసుకుని బయటికి వచ్చేయండి. ఇంకొక మాట. వాసన పోవాలని డెట్టాలుతోనో, సబ్బుతోనో లోపల కడగొద్దు. లోపల ఉండే మంచి సూక్ష్మజీవులు కూడా పోయి జబ్బు ముదురుతుంది. తెల్లబట్టకు మెడికల్ షాపులో అడిగి వేసుకునే మాత్రలూ వద్దు. సగం కోర్సుతో ఆపేస్తే తర్వాత అసలు మందు పనిచేయకపోవచ్చు.

మీరు భయపడుతున్న ప్రశ్న, ‘పెళ్ళయిందా?’. ఓపీలో ఉన్న డాక్టరు ఈ మాట అడిగేది పెళ్ళి గురించి కాదు. మగవాడితో సంబంధం ఉందా, గర్భం ఉండే అవకాశం ఉందా, లోపల పరికరం పెట్టి చూడొచ్చా అని తెలుసుకోడానికి. మన ఊళ్ళలో అది సూటిగా అడగలేక పెళ్ళి చాటున అడుగుతారు. వచ్చే జవాబు ‘అయింది’ అయినా ‘కాలేదు’ అయినా సగం సమాచారమే. అందుకని మీరే ముందు చెప్పేయండి: ‘పెళ్ళి కాలేదండి. మగవాళ్ళతో సంబంధం లేదు. మా ఇద్దరికీ ఒకేలా తెల్లబట్ట అవుతోంది, ఇద్దరికీ చూడండి.’ వైద్యానికి ఇది చాలు. మీరిద్దరూ ఏమవుతారో చెప్పడం మీ ఇష్టం. డాక్టరు మంచిదనిపిస్తే ‘మేమిద్దరం కలిసి ఉంటాం’ అనండి, లేదంటే అనొద్దు. పరీక్షకు ముందు మాత్రం లోపల పరికరం పెట్టడం నొప్పి కలిగిస్తుందనుకుంటే ఆ మాట చెప్పండి, చిన్న పరికరం అడగండి, వద్దు అనే హక్కు కూడా మీదే. తెర వేయమనడం, ఆడ నర్సును ఉండమనడం గొంతెమ్మ కోరికలు కావు.

మీరు రాయలేదు, అయినా అడుగుతున్నాను. రాత్రిళ్ళు గట్టున ఎవరైనా మీ మీద చెయ్యి వేశారా? అలాంటిదేమైనా జరిగితే 72 గంటల్లోపు ఆస్పత్రికి చేరండి, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. గర్భం రాకుండా మాత్ర, హెచ్ఐవీ రాకుండా మందు ఆ గడువులోనే మొదలవ్వాలి. కేసు పెట్టాకే వైద్యం అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ఏ ఆస్పత్రి అయినా, ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

మీ ఆవిడకు 31 ఏళ్ళు కదా. ‘మగవాళ్ళతో లేను, నాకెందుకు క్యాన్సర్ పరీక్ష’ అనుకుంటారు చాలామంది. అది తప్పు. హెచ్‌పీవీకి మగవాడు ఉండాలన్న నియమం లేదు. 30 దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వం గర్భాశయ ముఖద్వారానికి ఒక తేలికైన పరీక్ష చేస్తోంది. పల్చని వెనిగర్ లాంటి ద్రావకం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చ కనిపిస్తే తర్వాతి పరీక్షకు పంపుతారు. తెల్లబట్ట తగ్గాక ఇది చేయించుకోమనండి.

మూత్రంలో మంటకు కారణం నాకు ఉత్తరంలోనే కనిపిస్తోంది. రాత్రి బాత్రూముకు వెళ్ళాలంటే చీకట్లోకి నడవాలి, లేదా డబ్బులిచ్చే చోటికి వెళ్ళాలి. అందుకని సాయంత్రం నుంచి నీళ్ళు మానేసి, వచ్చినది ఆపుకుంటారు. మీరే కాదు, రోడ్డున ఉండే ఆడవాళ్ళందరూ చేసే పనే. పగలు హోటల్లోనో, పని దగ్గరో బాగా తాగండి, పడుకునే ముందు తప్పకుండా వెళ్ళండి. మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్క నొప్పి వస్తే ఆగకండి, అది కిడ్నీకి ఎక్కుతోందని అర్థం. ఆ రోజే ఆస్పత్రికి.

రాత్రి ఎక్కువయ్యే దురద, ఇద్దరికీ ఒకేసారి అంటే చాలావరకు గజ్జి. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులున్నాయేమో చూసుకోండి. పర్‌మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా రాత్రి రాసి పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇద్దరూ ఒకే రాత్రి రాసుకోకపోతే ఉపయోగం లేదు. బట్టలు, దుప్పటి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. వేడినీళ్ళు మీకెక్కడ దొరుకుతాయి! కుదరకపోతే ఆ బట్టల్ని పాలిథిన్ సంచిలో మూటకట్టి వారం పాటు ముట్టకండి, పురుగు చచ్చిపోతుంది.

దోమల విషయం తేలిగ్గా తీసుకోకండి. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉంది. కాలు వాచేది ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ తెలియదు. దోమకాటుతో ఒంట్లో చేరి ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి, అందుకే ఆ పరీక్షకు రాత్రి ఎనిమిదిన్నర దాటాక రక్తం తీస్తారు. ఆరోగ్య కార్యకర్తలు రాత్రి రక్తం తీయడానికి వస్తే పారిపోవద్దు, అది మీ కోసమే. మందు ఉచితం. ఒంటి నిండా బట్ట, కాళ్ళకు పాత చీర చుట్టుకుని పడుకోండి. మెష్ కిటికీలున్న గది దొరికేదాకా అదే దారి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష కూడా చేయించుకోండి. టీబీ అని తేలితే మందులు ఉచితం, 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు పోషణకిస్తున్నారు.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నవి ఆ నిద్రమాత్రలు. మెడికల్ షాపువాళ్ళు చీటీ లేకుండా ఇచ్చేవి సాధారణంగా అల్ప్రజోలామ్ లాంటివి. వాటిని కొన్నాళ్ళు రోజూ వేసుకుంటే ఒంటికి అలవాటవుతుంది, అవి లేకపోతే వణుకు, గుండెదడ వస్తాయి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకని ఈ ఉత్తరం చదివి కోపంతో ఆ స్ట్రిప్పును గోదాట్లో పడేయొద్దు. డాక్టరు పర్యవేక్షణలో కొంచెం కొంచెం తగ్గిస్తూ మానాలి. మందుతో పాటు మద్యం అస్సలొద్దు, ఊపిరి మందగిస్తుంది. ఆవిడకు నిద్ర పట్టకపోవడానికి మనసు ఒక్కటే కారణం కాదు, ఒకరు మెలకువగా ఉండి కాపలా కాయాల్సిన చోట ఎవరికి నిద్ర పడుతుంది? మాట్లాడాలనిపిస్తే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎవరికొచ్చినా ఆ రోజే చేయండి. ఇల్లు లేనివాళ్ళకు మానసిక వైద్యం ఉచితంగా అందాలనీ, ఎవరిని ఇష్టపడతారన్న కారణంతో ఆ వైద్యంలో తేడా చూపకూడదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

షెల్టరు గురించి. రాత్రి నీడ కోసం మున్సిపల్ షెల్టరు ఎక్కడుందో, ఆడవాళ్ళకు వేరే చోటు ఉందో లేదో కార్పొరేషన్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళను అడగండి. ఇంట్లో కొట్టి తరిమారు కాబట్టి 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సఖి వన్ స్టాప్ సెంటరు అడిగే దారీ ఉంది. అక్కడ సాధారణంగా 5 రోజుల దాకా ఉండనిస్తారు, డాక్టరు, లాయరు, కౌన్సెలరు అందుబాటులో ఉంటారు. ఆ తర్వాత శక్తి సదన్ అనే ప్రభుత్వ మహిళా ఆశ్రయానికి పంపమనవచ్చు. ఎక్కడికెళ్ళినా ‘ఇద్దరం కలిసి వచ్చాం, పక్కపక్కన మంచాలు ఇవ్వండి’ అంటే ఎవరూ వింతగా చూడరు. ఆడవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉండడం మన ప్రాంతంలో మామూలే. అంతకుమించి చెప్పాలన్న అవసరం లేదు. నిజం దాచామని బాధపడకండి, పూర్తి నిజం వినే అర్హత ప్రతి గుమాస్తాకూ ఉండదు. అయితే ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. కౌన్సెలింగ్ పేరుతో ‘ఇంటికి వెళ్ళిపోండమ్మా, పెద్దవాళ్ళు కదా’ అనేవాళ్ళు తగలొచ్చు. మీరు మేజర్లు, మీ ఇష్టం లేకుండా ఇంటికి అప్పగించడం కుదరదని నెమ్మదిగా చెప్పండి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి.

మీవాళ్ళు తప్పిపోయిందని కేసు పెట్టి ఉండొచ్చు. పోలీసులు మిమ్మల్ని వెతుక్కుంటూ రాకముందే లాయరు ద్వారా వెళ్ళడం మంచిది. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ లాయరును ఇస్తుంది, ఆడవాళ్ళకు ఆదాయం ఎంతున్నా ఉచితం. ‘నా ఇష్టంతోనే వచ్చాను, నాకు ప్రాణభయం ఉంది’ అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి ఎస్పీ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. చట్టం ఇప్పుడు మీవైపే ఉంది. ఇలాంటి సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు మేజర్ల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా చేసింది. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే ఇలాంటి కేసు వచ్చింది. ఒకమ్మాయిని ఆమె తండ్రి బలవంతంగా తీసుకుపోతే, ఆమె తోడుగా ఉన్న ఇంకో అమ్మాయి కోర్టుకెళ్ళింది. ఇద్దరూ కలిసి ఉండొచ్చనీ, ఇంట్లోవాళ్ళు అడ్డుపడకూడదనీ కోర్టు చెప్పింది. మీ లాయరుకు ఈ తీర్పు సంగతి గుర్తుచేయండి. పెళ్ళి మాత్రం చట్టంలో లేదు, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. అన్నయ్య కొట్టినందుకు 2005 గృహహింస చట్టం కింద కూడా ఫిర్యాదు చేయొచ్చు, ఆ చట్టం మొగుడి మీదే కాదు, తండ్రీ అన్నల మీదా పనిచేస్తుంది. ఇప్పుడే పెట్టమనను. నిలవడానికి నీడ దొరికాక ఆలోచించండి.

కాగితాల సంగతి ఎక్కువ చెప్పను. ఆధార్ ఇంట్లో ఉండిపోతే, ఆధార్ సెంటర్లో వేలిముద్ర వేసి కొద్ది రుసుముతో మళ్ళీ ప్రింటు తీసుకోవచ్చు. ఆధార్ చేతికొస్తే ఆర్టీసీలో స్త్రీశక్తి కింద ఉచితంగా తిరగొచ్చు, పనికోసం కాకినాడ వైపు వెళ్ళి చూడొచ్చు. రొయ్యల ఫ్యాక్టరీల్లో కొన్నిచోట్ల ఆడవాళ్ళకు హాస్టల్ ఉంటుంది. మీ ఇద్దరికీ ఆ పని చేతకాక కాదు కదా, మీవాళ్ళకు తెలిసిన భీమవరం దారి మానేస్తే చాలు. ఇల్లు లేకపోయినా ఓటరు కార్డు వస్తుంది. మీరు పడుకునే చోటు ఫారంలో రాస్తే, రాత్రిపూట అధికారి వచ్చి అక్కడున్నారో లేదో చూసుకుంటారు. బ్యాంకులో జాయింట్ అకౌంటు, ఒకరికొకరు నామినీ పెట్టుకోవడానికి అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. డబ్బు చేరాక ఇది ఉపయోగపడుతుంది. అప్పటిదాకా అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనం మానకండి. రక్తహీనతకు మందు కంటే ముందు కావలసింది అన్నం.

రేపు పొద్దున్నే ఓపీ చీటీ తీయించుకునేటప్పుడు ఇద్దరి పేర్లతో వేర్వేరుగా తీసుకోండి. ఆవిడ నిద్రమాత్రల స్ట్రిప్పు కూడా చేత్తో పట్టుకెళ్ళండి, పేరు గుర్తుండదు. దానిమీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, డాక్టరుకు అది కావాలి.